ఊపిరి నెమ్మదించాక

నర్సింగ్‌లో చేరిన కొత్తలో మాకు నేర్పిన పనుల్లో ఒకటి, రోగికి తెలియకుండా ఊపిరి లెక్కపెట్టడం. మణికట్టు పట్టుకుని నాడి చూస్తాం. నాడి లెక్క అయిపోయినా చెయ్యి వదలం. అలాగే పట్టుకుని, ఛాతీ లేచి పడడం గమనిస్తాం. ‘మీ ఊపిరి లెక్కపెడుతున్నాను’ అన్నామా, ఆ లెక్క మారిపోతుంది. పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఎలా తీస్తున్నామన్న ధ్యాసే వాళ్లకు ఉండదు. గుండె కొట్టుకోవడం, అన్నం అరగడం, కంటిపాప చిన్నదవడం మనం ఆజ్ఞాపిస్తే జరిగేవి కావు. ఊపిరి మాత్రం తనంతట తాను నడుస్తూనే, మనం తలచుకున్న క్షణాన మన మాట వింటుంది. యోగులు అన్నిటినీ వదిలి ఊపిరినే ఎందుకు పట్టుకున్నారో నాకు ఆ వార్డులోనే కొంత అర్థమైంది.

రిటైరయ్యాక మల్కాజిగిరి ఆనంద్‌బాగ్‌లో, మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే ప్రాణాయామం నేర్పుతున్నాను. రైల్వేలో చేసి దిగిపోయినవాళ్లు, రోజూ ఉప్పల్ రింగు రోడ్డు దాటి ఆఫీసుకు పోయొచ్చే ఆడపిల్లలు, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసేవాళ్లు వస్తారు. నిద్ర పట్టట్లేదంటారు. ఊరికే గుండె దడంటారు. చిన్నమాటకే పిల్లల మీద చెయ్యి లేస్తోందని ఒకామె ఏడ్చింది. మోక్షం మాట ఎవరూ ఎత్తరు. కైవల్యానికి మెట్టుగా చెప్పిన సాధనను నిద్రమాత్రకు బదులుగా వాడుకోవడం సబబేనా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

నైట్ షిఫ్టు చేసే ఒకతని సంగతి చెబుతాను. గుండె దడ అనగానే ముందు ఈసీజీ తీయించుకుని రమ్మన్నాను. తేడా ఏమీ లేదన్నారు. అప్పుడు కూర్చోబెట్టి ఊపిరి తీయమంటే, భుజాలు చెవుల దాకా లేచాయి, మెడ నరాలు బిగిశాయి, పొట్ట మాత్రం కదల్లేదు. “కండ్లు మూస్తే ఇంకా ఎక్కువైతది మేడమ్” అన్నాడు. ఎవరో లోతుగా, గట్టిగా పీల్చమన్నారట. వీడియో చూసి కపాలభాతి కూడా జోరుగా చేస్తున్నాడట. అవసరానికి మించి ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి, తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అసలే భయంలో ఉన్న మనిషికి అదొక కొత్త భయం. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకూ గర్భిణులకూ ఈ వేగం పనికిరాదని నేను రోజూ చెబుతూనే ఉంటాను. హఠయోగ ప్రదీపిక ఈ హెచ్చరిక ఏనాడో చేసింది: ప్రాణాన్ని అడవి మృగాన్ని మచ్చిక చేసినట్టు మెల్లమెల్లగా లొంగదీయాలనీ, తొందరపడితే సాధకుడికే ముప్పనీ.

అతన్ని కళ్లు తెరిచే ఉంచి, ఎడమ మణికట్టు మీద కుడిచేతి మూడువేళ్లు ఆనించుకోమన్నాను. నాలుగు లెక్కకు పీల్చడం, ఆరు లెక్కకు వదలడం. కాసేపటికి అతని ముఖం మారింది. “అగో, ఇడుస్తుంటే మెల్లగైతుంది!” అన్నాడు. నిజమే. పీల్చేటప్పుడు నాడి కొంచెం వడి అందుకుంటుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. వయసులో ఉన్నవాళ్లకు ఈ తేడా బాగా ఉంటుంది, వయసు మీదపడేకొద్దీ తగ్గుతుంది. మెదడు అడుగు నుంచి గుండెకు, ఊపిరితిత్తులకు, కడుపుకు దిగే వేగస్ నాడి చేసే పని ఇది. ఊపిరి వదిలేటప్పుడు గుండె మీద దాని పట్టు పెరుగుతుంది. ఆ నాడి గుండెను ఎలా నెమ్మదింపజేస్తుందో 1921లో ఒట్టో లోవీ రెండు కప్పగుండెలతో తేల్చాడు. ఒకదాని వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండోదానికి పోస్తే అది కూడా నెమ్మదించింది. నాడి చివర ఏదో రసాయనం విడుదలవుతోందని అలా తెలిసింది. అది ఎసిటైల్‌కోలిన్ అని తరవాత తేలింది. 1936లో ఆయనకు, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు.

నన్ను ఇంతకన్నా కదిలించిన పరిశోధన మరొకటి ఉంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లుసియానో బెర్నార్డి బృందం ప్రచురించింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చెప్పించినా, బౌద్ధుల మంత్రం చెప్పించినా, మనుషుల ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చింది. గుండె లయ, రక్తపోటు లయ దానితో కలిసి నడిచాయి. మా పక్కింటి క్రైస్తవ ఆవిడ సాయంత్రం జపమాల తిప్పుతుంటే, మా అమ్మ లలితా సహస్రనామం చదివిన తీరే నాకు గుర్తొస్తుంది. ఇదంతా నరాల సంగతే అయితే ఇక దేవుడెక్కడ అని మా హాల్లోనే ఒక పెద్దాయన బాధపడ్డారు. నాకలా అనిపించలేదు. ప్రార్థించే మనిషికి శరీరం కూడా తోడు వస్తుందంటే, ఆ శరీరాన్ని ఇచ్చినవాడి మీద నాకు నమ్మకం పెరిగింది.

ఇక నా ప్రశ్న. నిద్ర కోసం ప్రాణాయామం చేయడంలో తప్పేమీ లేదనే నా తీర్పు. రాత్రంతా కళ్లు మూతపడని మనిషితో వేదాంతం మాట్లాడకూడదు. అయితే అక్కడే ఆగిపోతే నాకు తృప్తి లేదు. రమణ మహర్షి ఉపదేశ సారంలో ఈ విషయం తేల్చి చెప్పారు: ఊపిరి బంధిస్తే మనసు అణుగుతుంది, కానీ అణిగిన మనసు మళ్లీ లేస్తుంది, అది నశించే దారి వేరు. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో 34వ సూత్రం ఊపిరి వదలడం, నిలపడం గురించి. దానికి ముందున్న 33వ సూత్రం మనుషుల గురించి. సుఖంగా ఉన్నవాళ్లతో స్నేహం, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లను చూసి సంతోషం, చెడు చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. ఊపిరిని ఆయన వికల్పంగానే చెప్పాడు కాబట్టి అదొక్కటే చాలని వాదించేవాళ్లు ఉండొచ్చు. కానీ రెండో పాదంలో ఎనిమిది అంగాలు చెప్పినప్పుడు అహింస, సత్యం మొదట్లో పెట్టి, ప్రాణాయామాన్ని నాలుగోదిగా పెట్టింది కూడా ఆయనే. లోపలి మురికి కడగని ఆసనాలను వేమన చీల్చి చెండాడాడు. సికింద్రాబాదులో ఆయన పేరుతోనే యోగ పరిశోధన సంస్థ ఉండడం నాకు ఇష్టం.

కొన్ని వారాలకు ఆ నైట్ షిఫ్టు అతనికి నిద్ర పట్టసాగింది. ఒకరోజు వీపు మీద అరచెయ్యి ఆనించి ఊపిరి చూస్తున్నాను, నడుము దాకా హాయిగా దిగుతోంది. మాటల్లో తమ్ముడి ప్రస్తావన వచ్చింది. ఉప్పల్ దగ్గర తాతలనాటి జాగా పంపకంలో తగాదా, ఏళ్లుగా మాటల్లేవు. ఆ పేరు నోట రాగానే ఊపిరి నా చేతికింద నుంచి పైకి జరిగిపోయి మెడలో చిక్కుకుంది. లెక్కలు పెట్టించాను. దిగింది. మళ్లీ ఆ మాట రాగానే మళ్లీ ఎక్కింది.

“ఫోన్ జేసేముందు ఎంతసేపు ఇడువాలె మేడమ్?” అని అడిగాడు, వెళ్తూ.

గొంతు మామూలుగా పలికేదాకా అన్నాను. జాగా మాట మొదటే తేవద్దనీ, తమ్ముడి పిల్లలు ఏం చదువుతున్నారో అడగమనీ చెప్పాను. ఎన్నో తరగతిలో ఉన్నారో కూడా తనకు తెలియదన్నాడు.