తొలి ముద్దకు వేళ ఎవరు చెప్పాలి?

సంస్కృతంలో తినేదేదైనా అన్నమే. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట వరిమెతుకు దగ్గర ఆగిపోయింది. మైదుకూరు చుట్టుపక్కల ఈ తేడా నేలమీదే కనబడుతుంది. కర్నూలు–కడప (కె.సి.) కాలువ పారే పొలాల్లో వరి, పసుపు. కాలువ ఎక్కని మెట్టమీద కొర్ర, సజ్జ, జొన్న, రాగి. పందొమ్మిదో శతాబ్దంలో సుంకేసుల దగ్గర తుంగభద్రను మళ్లించి ఆ కాలువ తవ్వాక కూడా చాలాకాలం మెట్ట ఊళ్లలో వరిబువ్వ పండగపూట వండుకునేదే. రోజూ కడుపు నింపింది సంగటి. అయినా అన్నప్రాసన అనగానే ఆ ఇళ్లలోనూ బియ్యప్పరమాన్నమే గుర్తొస్తుంది, ముహూర్తం కోసం పంచాంగమే తెరుచుకుంటుంది. పాలు తాగే బిడ్డకు తొలి ముద్ద పెట్టే వేళను నిర్ణయించే అధికారం ఎవరిది? పంచాంగానిదా, బిడ్డ ఒంటిదా? బిడ్డ ఒంటిదేనని నా వాదన. శాస్త్రాన్ని తోసిపుచ్చి ఈ మాట అనటం లేదు. శాస్త్రం చెప్పిందాన్ని మొదటినుంచీ చదివితే తేలేది ఇదే.

గృహ్యసూత్రాలు ఆరో నెల అన్నాయి. మనుస్మృతి కూడా ఆరో నెలే చెప్పి, ఆ వెంటనే ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా చేసుకోవచ్చని సడలింపు ఇచ్చింది. ఆశ్వలాయనుడు, పారస్కరుడు తల్లిదండ్రుల కోరికను బట్టి నెయ్యి కలిపిన అన్నం మొదలుకొని మాంసం దాకా చెప్పారు. సుశ్రుతుడు ఆరో నెలలో తేలికైనది, ఒంటికి హితమైనది పెట్టమన్నాడు. పిల్లల వైద్యానికే పుట్టిన కాశ్యప సంహిత ఆరో నెలలో పండ్లు, పదో నెలలో ధాన్యం అని రెండు మెట్లు కట్టింది. పెట్టే పదార్థంలో ఇన్ని తేడాలున్నా ఆరో నెల మాత్రం వీళ్లందరి నోటా వినబడటానికి కారణం ఆ వయసులో పిల్లల ఒంట్లో వచ్చే మార్పు తప్ప మరొకటి కాదనుకుంటాను. మగపిల్లలకు సరి నెలలు, ఆడపిల్లలకు బేసి నెలలు అనే లెక్క ముహూర్త గ్రంథాలది. మనం దాన్నే గట్టిగా పట్టుకున్నాం.

ఆ మార్పు ఎలాంటిదో ఇవాళ ఇంకా వివరంగా తెలుసు. మొదటి నెలల్లో చెంచా పెదవికి తగిలితే చాలు, బిడ్డ నాలుకతో బయటికి నెట్టేస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆ అలవాటు మెల్లగా పోతుంది. మెడ నిలుస్తుంది, ఆనుడు పెడితే కూర్చుంటుంది. తల్లి కడుపులో ఉండగా పోగుచేసుకున్న ఇనుము ఆరు నెలల సుమారుకు అడుగంటుతుంది. పాలలో ఉండే ఇనుము ఆ లోటు పూడ్చలేదు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ నిండు ఆరు నెలలు తల్లిపాలే పట్టాలని, ఆ తర్వాత ఆహారం కలపాలని, పాలు మాత్రం రెండేళ్ల దాకా, ఆపైనా కొనసాగించాలని చెప్పింది. ఇక్కడ చిన్న మెలిక ఉంది. ఆరో నెల పడటం వేరు, ఆరు నెలలు నిండటం వేరు. బేసి లెక్కన ఆడపిల్లకు ఐదో నెలలో ముద్ద పెడితే నాలుగు నిండి ఎన్నో రోజులు కావు. మగపిల్లవాడికి ఆరో నెలలో మూఢం అడ్డొస్తే ఎనిమిదో నెల దాకా నోరు ఎండుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో పాలతోపాటు ఆహారం అందుతున్నవాళ్లు సగం కూడా లేరు. అదే సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత. ఇందుకు ముహూర్తమొక్కటే కారణమని అనను. పేదరికం ఉంది, తల్లికే రక్తం లేకపోవటం ఉంది. కానీ ఎదురుచూసిన ఆ రెండు నెలలు మనం చేతులారా ఇచ్చేసినవి.

తల్లిపాలకన్నా పవిత్రమైనది లేదు, ఏడాది దాకా అవి చాలవా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాట ప్రేమతో పుట్టింది, కొట్టిపారేయలేం. కానీ దానికింద ఒక విభజన దాగి ఉంది: పాలు దైవికం, ధాన్యం లౌకికం అని. తైత్తిరీయోపనిషత్తు ఈ విభజనను ఒప్పుకోదు. భృగువు తండ్రి వరుణుణ్ని బ్రహ్మం గురించి అడిగి, తపస్సు చేసి మొట్టమొదట తెలుసుకున్నది అన్నాన్నే. పైమెట్లు ఎక్కి ఆనందం దాకా వెళ్లాక కూడా ఉపనిషత్తు అన్నం దగ్గరికే తిరిగొచ్చి, దాన్ని నిందించవద్దని, సమృద్ధిగా పండించమని వ్రతాలు చెబుతుంది. తల్లి తిన్న సంగటే పాలయింది కదా. బిడ్డ పుట్టిననాటినుంచీ తింటున్నది అన్నమే. అందుకే అన్నప్రాసన పాలు మాన్పించే పండగ కాదు. ఏడాది నిండేదాకా బిడ్డకు కావలసిన శక్తిలో సగమైనా పాలనుంచే వస్తుంది. ఒంటి మాటకొస్తే, మైదుకూరుకు దగ్గర్లోని కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మం శిష్యుడు కక్కయ్య కథ చెప్పుకుంటారు. దేహంలోనే దేవతలున్నారని గురువు చెప్పగా విని భార్య దేహం కోసి చూశాడట. నెత్తురు, మాంసం తప్ప ఏమీ కనబడలేదు. బ్రహ్మంగారు ఆమెను బతికించాకే అతనికి తత్త్వం బోధపడింది. దేహం గుడి అయితే అది బతికున్న దేహమే. ఆ గుడికి నైవేద్యం ఆలస్యం చేసి పుణ్యం సంపాదించలేం.

మరో అభ్యంతరం ఇంకా బరువైనది: బిడ్డ ఒళ్లే వేళ చెబితే ఇక సంస్కారం దేనికి? వేళ చెప్పటం సంస్కారం పని కానే కాదు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి ఉంగరంతో పరమాన్నం నాకించినప్పుడు, ఈ బిడ్డ ఆకలి ఇక తల్లి ఒక్కదానిదే కాదు, మా అందరిదీ అని బంధువర్గం ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలు విలువైనది. అది ఏ నెలలో జరిగినా చెల్లుతుంది, ముద్ద మాత్రం ఆగకూడదు. సంస్కారం కాకముందే పెడితే దోషమనేవాళ్లకు మనువు ఇచ్చిన సడలింపే జవాబు. తేనె నాకించే విషయంలో మాత్రం ఆచారం పూర్తిగా వెనక్కి తగ్గాలి: దానిలో ఉండే సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో విషం పుట్టించగలవు, చుక్క కూడా వద్దు. అంగన్‌వాడీల్లో జరిపే సామూహిక అన్నప్రాసనలను కొందరు ప్రభుత్వ తంతు అంటారు. కులం అడగకుండా ఊరి బిడ్డలందరినీ ఒకచోట కూర్చోబెట్టే ఆ కార్యక్రమంలోనే నాకు సంస్కారం అసలు రూపం కనబడుతుంది.

ఇక పెట్టేదేమిటి? తెల్ల బియ్యంలో వంద గ్రాములకు కాల్షియం పది మిల్లీగ్రాముల దగ్గర ఉంటే రాగుల్లో మూడువందలు దాటుతుంది. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండితో కాచిన జావ పల్చగా జారుతుంది. ఎక్కువ పిండి వేసినా గొంతుకు అడ్డంపడదు, ఇనుము కూడా ఒంటికి మెరుగ్గా పడుతుంది. ఇందులో మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, ఆకుకూర ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవాలి. బియ్యానికి దక్కిన పరమాన్నం గౌరవం మెట్టధాన్యానికి దక్కకపోవటానికి ఉపనిషత్తులో ఆధారం లేదు. మఠంలోనో, మసీదు దగ్గరో, ఇంట్లోనో తొలి ముద్ద ఎక్కడ పెట్టినా, మర్నాడు పొద్దున ఉగ్గుగిన్నె మళ్లీ పొయ్యి దగ్గరికి రావాలి. తొమ్మిది నెలలు నిండేదాకా రోజుకు రెండు మూడుసార్లు, ఆ తర్వాత మూడు నాలుగుసార్లు.