గీత కింది మనిషి

మా వీధికి జాలారిపేట నుంచి ఒక చేపలామె వస్తుంది. నెత్తిన గంప, వీధి మొదట్లోంచే కేక, కుడికాలు కాస్త ఈడుస్తూ నడక. వంటింట్లో ఉన్నా సరే, ఆ అడుగుల చప్పుడుకే నేను గిన్నె పట్టుకుని బయల్దేరతాను.

మొన్న సెలవులకి మా మేనకోడలు వచ్చింది. యానిమేషన్ చదువుతోంది లెండి. బాల్కనీలోంచి ఆ చేపలామె నడకని ఫోన్‌లో వీడియో తీసి, నాలుగు రోజులు కంప్యూటర్ని వదల్లేదు. వీడియోని ఫ్రేములుగా విడదీసి, ఒక్కోదాని మీద బొమ్మ గీస్తోంది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములైతే, ఇది అందులో సగం, 12 గీస్తుందిట. 10 సెకన్ల నడకకి 120 బొమ్మలు!

"ఓసి, దిండు గలీబు మీద కార్బన్ పేపర్‌తో నెమలిని దింపుకోడం లాంటిదేనా!" అన్నాను. పిల్లకి పౌరుషం వచ్చింది.

"ఉన్నదంతా దింపితే బొమ్మ వణికిపోతుంది అత్తా! ఏ గీత ఉంచాలో, ఏది వదిలెయ్యాలో నేనే తేల్చుకోవాలి" అంది.

ఇది కొత్త విద్యేం కాదుట. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ అనే ఆయన తమ్ముడికి జోకరు వేషం వేసి ఫిల్మ్ తీసి, ఆ ఫ్రేముల్ని గాజుపలక మీద పడేలా చేసి గీశాడు. 1915లో పేటెంటుకి అర్జీ పెడితే 1917లో వచ్చింది. పేరు రోటోస్కోప్.

"బాగుందే. మరి ఆవిణ్ణి అడిగావా?" అన్నాను.

"ఎందుకూ? ముఖం గీయలేదుగా. ఇది ఆవిడ కాదు, నా బొమ్మ."

కాదనలేకపోయాను. 120 బొమ్మల కష్టం దానిదే. కానీ ఆ నడకో? ఏళ్ల తరబడి గంప మోస్తే వచ్చిన నడక అది. 1937లో వచ్చిన డిస్నీ వారి స్నోవైట్ సంగతి చూడండి. మార్జ్ ఛాంపియన్ అనే అమ్మాయి ఆడి చూపిస్తే, ఆ ఫిల్మ్ ఆధారంగా చిత్రకారులు స్నోవైట్ కదలికలు గీశారు. బొమ్మని లోకమంతా మెచ్చుకుంది. తెర మీద మాత్రం ఆ అమ్మాయి పేరు లేదు.

అంతదూరం ఎందుకు? నా చేతి పులుసు బాగుందని చుట్టాలంటే నవ్వి ఊరుకుంటాను. మా అత్తగారు నేర్పిందని ఎన్నిసార్లు చెప్పాను? కాకపోతే పులుసు నేర్చుకున్నాక నా చేతిలో కలిసిపోయింది. నడక అలా కాదు, ఆ మనిషి ఒంటిది. పైగా ఆ మనిషి మన గుమ్మంలోకే వస్తుంటే, ఒక్క మాట అడగడానికి అడ్డేమిటి?

మర్నాడు చేపలామెని కూచోబెట్టి బొమ్మ చూపించాం. రెండుసార్లు చూసింది.

"గంప నాదేనమ్మా. నడకెవల్ది?"

మా పిల్ల సంబరంగా, "నీదే! చూడ్డానికి బావుంటుందని ఆ కాలు ఈడ్పు తీసేశాను" అంది.

"తీసీసినావా? ఆ కాల్తోనే తిరిగి ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు సేసినానమ్మా" అందామె. కోపంగా కాదు, లెక్క సరిచేస్తున్నట్టు.

మా పిల్ల మాట్లాడలేదు. నేనూ అంతే. అడగకుండా తీసుకోడం ఒక తప్పయితే, తీసుకున్నదాన్ని మన కంటికి నచ్చేలా దిద్దెయ్యడం ఇంకొకటి. జాలి పేరుతో చేశాం గనక అది తప్పులా కనిపించలేదు.

ఆ సాయంత్రం మళ్లీ మొదటి బొమ్మ నుంచి మొదలెట్టింది. ఈసారి కాలు ఈడుస్తుంది. చివర ఆమె పేరు ఉంటుంది. రాయమంటావా అని అడిగితే, "రాయమ్మా, మా మనవలు సదుంకుంటారు" అందిట.

అన్నట్టు, ఆరోజు వంజరానికి నేను బేరం ఆడలేదు. ఆడటానికి నోరు రాలేదు.