మొదటి తూటా మాటే వేరు

ఒరేయ్ అల్లుడూ,

నవంబరు మొదటి శనివారం టెక్సస్‌లో తెల్లతోక జింకల సీజన్ మొదలవుతుంది. ఈసారి లానో కౌంటీకి మీ ఆఫీసువాళ్ళతో నువ్వూ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ గొంతులో సగం భయం, సగం ‘జింకను చంపడమేంట్రా’ అన్న బాధ. బాధకు జవాబు నేనే చెప్పాను. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకను కొడితే జైలే, అది సబబే. ఇక్కడ లెక్క వేరు. టెక్సస్‌లో ఈ జింకలు 50 లక్షలకు పైమాటే, వాటిని తినే తోడేళ్ళు ఎప్పుడో అంతరించాయి. మంద మితిమీరితే మేత చాలక బక్కచిక్కి చస్తాయి. ఇక భయం సంగతి అంటావా, దాన్ని తీర్చాల్సింది నువ్వు.

సీజన్ ముందురోజు రాత్రి బీరువాలోంచి రైఫిల్ తీసేవాళ్ళను చాలామందిని చూశాను. పెళ్ళినాడు పందిరి గుంజలు పాతే రకం. నువ్వు ఇప్పుడే తియ్యి. తూటాలు పక్కగదిలో పెట్టి రా. బోల్టు వెనక్కి లాగి, లోపల ఏమీ లేదని కంటితో చూడు, వేలు పెట్టి తడిమి చూడు. ఎవరో ఖాళీ అన్నారని నమ్మకు, నిన్న నువ్వే చూశావని కూడా నమ్మకు. శుభ్రం చేసే కడ్డీని వీలైనంతవరకు తూటా పెట్టే వైపు నుంచే దూర్చు. గొట్టం మూతి అంచు కాస్త అరిగినా గురి చెడుతుంది. చివర్లో పొడిగుడ్డ ముక్క దూర్చి లాగు, నూనె జిడ్డు లేకుండా రావాలి. గొట్టంలో నూనె మిగిలితే మొదటి తూటా ఎటు పోతుందో చెప్పలేం. స్కోపును పట్టుకునే రింగుల మరలు చూడు. వదులైతే గురి నిలవదు, బలంకొద్దీ బిగిస్తే స్కోపు గొట్టమే నొక్కుకుపోతుంది. టార్క్ రెంచి ఒకటి కొనుక్కో, లేదా కొట్టువాడి చేత బిగించుకో.

తూటాల పెట్టె మీద రాసింది, గొట్టం మీద చెక్కింది ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చు. టూ-టూ-త్రీ రైఫిల్లో త్రీ హండ్రెడ్ బ్లాకౌట్ తూటా కొన్నిసార్లు పట్టేస్తుంది. మీట నొక్కితే రైఫిల్ పేలిపోయి మనిషి చేతికీ కళ్ళకీ ప్రమాదం. సీజన్లో ఏ తూటా వాడతావో దానితోనే షూటింగ్ రేంజ్‌లో గురి సరిచూసుకో. కంపెనీ మారినా, బరువు మారినా తగిలే చోటు మారుతుంది.

రేంజ్‌లో ముందు 25 గజాల దగ్గర మొదలుపెట్టు. చాలా స్కోపుల్లో ఒక క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. అదే 25 గజాల దగ్గర ఒక్క అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు కావాలి. కొత్తవాళ్ళు ఇది తెలియక నాలుగు తిప్పి, స్కోపు పాడైందంటారు. ఆ తర్వాత 100 గజాలకు వెళ్ళు. మూడేసి తూటాలు కాల్చి, ఆ మూడింటి మధ్యబిందువు చూసి సరిదిద్దు. ఒక్కో తూటాకూ తిప్పుతూ కూర్చోకు. మధ్యలో గొట్టం చల్లారనియ్.

నా అసలు మాట ఇదీ. సీజన్ మొత్తంలో నువ్వు కాల్చేది ఒకటో రెండో. అదీ చలి పొద్దున, చల్లటి గొట్టంతో. ఇరవై కాల్చి వేడెక్కిన రైఫిల్ కాగితం మీద చూపే ముచ్చట అక్కడ పనికిరాదు. కాబట్టి ఒక కాగితం విడిగా పెట్టుకో. రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొట్టమొదటి తూటా దాని మీదే కాల్చి, పక్కన తేదీ రాయి. ఆ కాగితం అబద్ధమాడదు. బల్ల మీద ఇసుకసంచీ ఆసరాతో కాకుండా, నేల మీద కూర్చుని, కర్రల ఆసరాతో కాల్చి చూడు. ముందుకాలి వెనక, గుండె ఊపిరితిత్తులు ఉండే చోట, చల్లటి గొట్టంతో కొట్టగలనన్న నమ్మకం ఎంత దూరం వరకు ఉందో, అదే నీ హద్దు. గాయపడి పొదల్లోకి పారిపోయి కుళ్ళి చచ్చే జింక పాపం మాత్రం మనకొద్దు.

రివాల్వర్ కూడా తీసుకెళ్తానన్నావట. టెక్సస్ చట్టం వద్దనదు, రిమ్‌ఫైర్ తూటాతో మాత్రం జింకను కొట్టకూడదు. ఫార్టీఫోర్ మ్యాగ్నమ్ అయితే ఆ కుదుపుకు మరలు వదులవుతాయి, ఎజెక్టర్ రాడ్ సడలుతుంది, అవి చూసుకో. సిలిండరుకీ గొట్టానికీ మధ్య సందులోంచి నిప్పులాంటి గాలి పక్కలకు చిమ్ముతుంది, అక్కడ వేలు పెట్టకు. చెవులకు రక్షణ లేకుండా ఒక్కసారీ పేల్చకు. నన్నడిగితే ఈ ఏడాది దాన్ని ఇంట్లోనే తాళం వేసి ఉంచు. పిస్తోలుతో 50 గజాల దగ్గర జింకను కొట్టడానికి ఏళ్ళ సాధన కావాలి.

హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, లైసెన్సు జేబులో ఉండాలి. 1971 సెప్టెంబరు 2 నుంచి పుట్టినవాళ్ళకు ఆ శిక్షణ తప్పనిసరి. తుపాకీ పట్టడానికి నీకు గ్రీన్‌కార్డుంది, సరే. నీ రూమ్మేటు హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా అతను తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. సరదాకి కూడా అతని చేతికివ్వకు, లాయరును అడగమను.

వేట మాంసం తెస్తే మీ అత్తయ్య మొహం చిట్లిస్తుంది, వేపుడు చేశాక మొదటి ముక్క తనే తింటుంది. అదలా ఉంచు. ఈ శనివారమే రేంజ్‌కి వెళ్ళు. మొదటి తూటా తగిలిన ఆ కాగితం ఫొటో తీసి, నాకు కాదు, మీ అమ్మకు పంపు.