చార్టు చూశాను బిడ్డా

చేవెళ్ల.

బిడ్డా,

వండర్‌లాకు పోయే రోజు కోసం నువ్వు పంపిన చార్టు చూశాను. పొద్దున ఏడింటికి ఇంట్లోంచి కదలడం దగ్గర్నుంచి సాయంత్రం గేటు బయట ఐస్‌క్రీమ్ దాకా గళ్లు గీసి, రంగులు వేసి, ఏ రైడు తర్వాత ఏ రైడో రాశావు. ఎక్కినవాటికి టిక్కు పెట్టుకోవడానికి ఖాళీ గళ్లు కూడా వదిలావు. ఆఫీసులో నీకు అంత మంచి పేరెందుకో ఇప్పుడు తెలిసింది. "ఏమన్నా మరిచిపోయానా పెద్దనాయనా" అని అడిగావు కాబట్టి ఈ జవాబు. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు.

ఆ గళ్లు చూడగానే మన చిలుకూరు గుడి ప్రదక్షిణల కార్డు గుర్తొచ్చింది. కోరిక తీరినవాళ్లు 108 చుట్లు తిరుగుతూ, చేతిలో అంకెల కార్డు పట్టుకుని ఒక్కో అంకె కొట్టేస్తూ పోతారు కదా. అక్కడ లెక్క తప్పకూడదు, మొక్కుకున్నదే లెక్క కట్టి. వండర్‌లాకు మనం ఏ మొక్కూ మొక్కలేదు. అన్ని రైడ్లూ ఎక్కిస్తామని పిల్లలకు మాటా ఇవ్వలేదు. మరి ఈ బాకీ ఎవరికి?

టికెట్‌కి అనుకుంటాను. ఇంతమందికి పైసలు కట్టేసరికి "ఇంత పెట్టాం, పూర్తిగా వసూలు కావాలి" అన్న పట్టుదల మనకు తెలియకుండానే వచ్చి కూర్చుంటుంది. అది వచ్చాక అమ్మ అమ్మలా ఉండదు, కూలీల పని చూసే మేస్త్రీ అవుతుంది.

పోయిన ఎండాకాలం మీ అన్న పిల్లల వెంట రావిర్యాల వండర్‌లాకు పోయినప్పుడు నేను అలల కొలను పక్కన నీడలో కూచున్నాను. ఎదురుగా ఒక పిల్ల, ఎనిమిదేళ్లుంటాయేమో, కొలను అంచున మోకాళ్లు ముడుచుకుని కూచుంది. అల వచ్చి పిల్లను కాస్త వెనక్కి జరిపి పోతుంది. పిల్ల మళ్లీ ముందుకు పాకి, కాలి బొటనవేలితో నేల మీద పలకల మధ్య గీత వెతుక్కుని, సరిగ్గా ఆ గీత మీదే కూచుంటుంది. ఈసారి అల ఎంత దూరం జరుపుతుందో చూడాలి. ఆ ఆట దానికి ఎవరూ నేర్పలేదు, ఏ బోర్డు మీదా దాని పేరు లేదు. అంతలో వాళ్లమ్మ వచ్చింది. మెడలో ప్లాస్టిక్ కవరులో ఫోను, మొహమంతా చెమట. "ఇంకా చాలా ఉన్నయి, లే లే" అని రెక్క పట్టుకుని లేపింది. ఆమె చెడ్డదేం కాదు బిడ్డా, నీలాంటిదే. ఆమె కట్టిన పైసలకు ఆ పూట అందరికంటే ఎక్కువ ఆనందం తీసుకుంటున్నది ఆ పిల్లే. అది పట్టీలో లేదు కాబట్టి ఆమెకు కనబడలేదు.

గేటు దాటాక ఆ పైసలు మనవి కావు. అన్ని రైడ్లు ఎక్కినా తిరిగి రావు, రెండే ఎక్కినా తిరిగి రావు. అక్కడితో వాటి సంగతి వదిలెయ్. లేకపోతే రోజంతా ఆ లెక్కే పిల్లలతో మాట్లాడుతుంది, నువ్వు మాట్లాడవు.

ఇంకో మాట. వండర్‌లా మీ బెంగళూరులోనూ ఉంది కదా. కొచ్చిలో 2000లో వీగాలాండ్ అని మొదలుపెట్టినవాళ్లే అక్కడ 2005లో, ఇక్కడ 2016లో కట్టారు. మీ ఇంటి నుంచి ఎప్పుడైనా పోవచ్చు. అయినా నీ పిల్లలు దసరా సెలవులకు ఇక్కడికొచ్చి పోదామని ఎందుకు గోల పెడుతున్నారు? మీ అన్న పిల్లలతో పోవాలని. నీ చార్టులో ఆ నలుగురినీ ఎత్తును బట్టి రెండు జట్లు చేసి, మధ్యాహ్నం భోజనానికి తప్ప కలవకుండా చూశావు. పద్ధతిగా చూస్తే సరైనదే. పిల్లలు ఎందుకు వస్తున్నారో ఒకసారి అడిగి ఉంటే ఆ గీత గీసేదానివి కాదు.

అల్లుడు ఎక్కువ పైసలు కట్టి, వరసలో నిలబడకుండా ముందుకు పోయే టికెట్లు కొందామన్నాడట. మీ అత్తగారి కాళ్లనొప్పుల కోసమైతే కొనండి. పిల్లలకైతే నేనొద్దంటాను. ఏడాదికోసారి కలిసే పిల్లలకు ఆ వరసే కబుర్ల చోటు. కొంటే మాత్రం, "మనం ముందుకు ఎందుకు పోతున్నం" అని చిన్నోడు అడిగితే "మనం ఎక్కువ పైసలు కట్టినం" అని ఉన్నదున్నట్టు చెప్పు. ఇంకేదో కథ అల్లకు.

అల్లుడి మాట వచ్చింది కాబట్టి ఇది ఆయనకూ చదివి వినిపించు. "ప్లానెందుకు, పోదాం పదండి, అక్కడే చూసుకుందాం" అని ఆయన అన్నందుకే నీకు కోపమొచ్చి ఈ చార్టు గీశావని మీ పెద్దమ్మ చెప్పింది. నీ కోపం న్యాయమైనదే. మన ఇళ్లలో "ప్లాను లేకుండా పోదాం" అనే మగవాడి వెనక, తువ్వాళ్లు మడతపెట్టి, మందులు సర్ది, నీళ్ల సీసాలు నింపే ఆడమనిషి ఒకరుంటారు. ఆయన తీరికగా తిరగడానికి ఆమె మోసే బరువే ఆధారం. అట్లాంటి తీరికను నేను మెచ్చుకోను. చార్టు చింపెయ్యమని చెబుతున్నది నీకు. సంచి మొయ్యమని చెబుతున్నది ఆయనకు. రెండూ ఒకేసారి జరగాలి.

మా నాయిన నన్నూ మీ నాయిననూ నుమాయిష్‌కు తీసుకుపోయేవాడు. 1938 నుంచి నడుస్తున్న ఆ ఎగ్జిబిషన్‌లో జనవరి సాయంత్రాల రద్దీ నీకు తెలిసిందే. ఏ స్టాలు చూడాలి, ఏ ఆట ఆడాలి అన్నది ఆయన ఎన్నడూ ముందుగా చెప్పలేదు. మేము ఎటు లాగితే అటు వచ్చేవాడు. కాని బస్సు దిగగానే మా ఇద్దరి జేబుల్లో ఒక్కో చీటీ పెట్టేవాడు, పేరు, ఊరు, తండ్రి పేరు రాసి. తప్పిపోతే మైకు దగ్గరికి పోవాలని చెప్పేవాడు. చేవెళ్లకు ఆఖరి బస్సు ఎప్పుడో ఆయనకు తెలుసు. ఆ మూడింటి మీద ఆయనకు ఎంత పట్టుదలో, మిగతావాటి మీద అంత నిర్లక్ష్యం. నువ్వు ఆయన మనవరాలివే. ఆ పట్టుదల ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరిగిందంతే.

కాబట్టి కొన్ని ముందే తేల్చుకో. నీళ్లలోకి నూలు బట్టలు రానివ్వరు, నైలాన్‌వి తెచ్చుకోండి. పిల్లల జేబుల్లో చీటీలు, వాటి మీద నీ నంబరు, తప్పిపోతే కలుసుకునే చోటు. మీ అత్తగారు ఎక్కడ కూచుంటారో, బాత్రూము అక్కడికెంత దూరమో. ఆమె పక్కన నేనుంటాను, నాకూ కాళ్లు నొప్పులే.

ఎత్తు సంగతి మటుకు ఇంటి దగ్గరే చూడు. పెద్ద రైడ్లకు గేటు దగ్గర గీత ఉంటుంది, దానికి తల తగలాలి. మా తలుపు చెక్కకు ఆనించి చిన్నోణ్ని కొలిచి, ఏవి ఎక్కనివ్వరో ముందే చెప్పెయ్. పోయినసారి ఒకాయన కొడుకును మునివేళ్ల మీద నిలబెట్టి, జుట్టు పైకి దువ్వి, అక్కడున్న కుర్రాడితో "టికెట్ కొన్నం కదా" అని తగువు పెట్టుకున్నాడు. పాపం ఆ కుర్రాడు పొద్దంతా ఎండలో నిలబడి అందరి తిట్లూ తింటాడు. ఆ గీత అతను గీసింది కాదు. భుజాల మీదికి దిగే ఆ ఇనుప పట్టీ ఒక కొలత ఒంటికి చేసింది. ఒళ్లు చిన్నదైతే సీటుకూ పట్టీకీ మధ్య సందు మిగులుతుంది, బండి తలకిందులైనప్పుడు పిల్ల ఆ సందులోంచి జారవచ్చు. ఆ కొడుకు మటుకు తండ్రి మొహం వైపు చూడకుండా చెప్పుల వైపు చూస్తున్నాడు. చిన్నోడు ఏడిస్తే ఏడవనీ. నువ్వు ఆ కుర్రాడికి "థ్యాంక్స్ తమ్మీ" అని చెప్పి పక్కకు రా.

ఇక ఖాళీగా కూచుంటే టైము పాడవుతుందని దిగులుపడకు. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లనూ లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకు తీసుకుపోయి, వాళ్లు రంగులరాట్నం తిరుగుతుంటే బెంచీ మీద పల్లీలు తింటూ కూచునేవాడట. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. తీరా 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిస్తే, దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు, తాగునీటి కుళాయిలు చాలావరకు పనిచెయ్యలేదు, ఎండకు మెత్తబడ్డ తారులో ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. కట్టినవాడి ప్లానే ఆ రోజు అట్లా అయింది.

చార్టు అడుగున "వీలైతే చిలుకూరు, మృగవని" అని రాశావు. కొట్టెయ్. నీళ్లలో నాని, నిద్రకు తూగే పిల్లలకు దేవుడూ కనబడడు, జింకా కనబడదు. వాటికి ఇంకో రోజు పొద్దున్నే పోదాం, రెండూ చిలుకూరులోనే కదా. తిరుగు దారిలో మొయినాబాద్ దాటాక మర్రిచెట్ల కింద ఎక్కడైనా మక్కకంకులు కాలుస్తుంటే, పిల్లలు అడిగితేనే, ఆపండి. రోడ్డు వెడల్పు పనిలో ఆ చెట్ల వివాదం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయిందని నీ పెద్దదానికి తెలియదు, నేను చెబుతాను.

పొద్దున అప్పా జంక్షన్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి, శంషాబాద్, తుక్కుగూడ దాటి, 13వ ఎగ్జిట్ దగ్గర దిగాలి. ఏడింటికే అక్కర్లేదు, పిల్లలు లేచాక కదులుదాం. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి కారులోనే తినిపోవాలి. పులిహోర కట్టాలా, చపాతీలా అని మీ పెద్దమ్మ అడుగుతోంది. అది మటుకు ముందే చెప్పు, చింతపండు నానబెట్టుకోవాలట.

మీ పెద్దనాయన