నేర్చినదానిని మానుట

దురభ్యాసమనగానే మనవారికి పొగచుట్టయు, పేకాటయు, ప్రొద్దెక్కినపిదప నిద్రలేచుటయు జ్ఞప్తికి వచ్చును. వీనిని మాన్పుటకు సభలు కలవు, శపథములు కలవు, ఉపన్యాసములకు కొదవయే లేదు. కాని మంచిపనిని శ్రద్ధతో చేయుచుండగా, ఆ శ్రద్ధవలననే పుట్టెడి దురభ్యాసమొకటి కలదు. దానిని గూర్చి మాటలాడువారు తక్కువ. మాకు దానిని తెలియజేసినది గిటారు.

మేము గిటారును గురువు లేకయే నేర్చుకొంటిమి. విని, చూచి, సాయంకాలములు తలుపు వేసికొని పాటుపడి, రెండేండ్లలో పది పాటలను వాయింపగలవారమైతిమి. చుట్టములు మెచ్చుకొనిరి. ఎడమచేతి మణికట్టు లోనికి మడతపడినదని గాని, బొటనవ్రేలు వాద్యపు మెడను పిడికిట కత్తివలె బిగించుచున్నదని గాని, కుడిచేతి చిటికెనవ్రేలు పలకపై మేకువలె నాటుకొన్నదని గాని మాకు తెలియదు, వినువారికిని తెలియదు. పాట వచ్చుచుండెను గదా!

ఈ దోషములలో నొక్కటియు సోమరితనమువలన పుట్టినది కాదు. కుడిచేయి తంత్రులపై తడబడుచుండగా దానికొక ఊత కావలసివచ్చెను; చిటికెనవ్రేలు ఊతయైనది. చూపుడువ్రేలిని మొదటి మెట్టుకడ ఆఱు తంత్రులకును అడ్డముగా పఱచి నొక్కవలసిన పట్టొకటి కలదు. గిటారు నేర్చువారిలో అనేకులు మొట్టమొదట నిరాశపడునది అచ్చటనే. మాకును తంత్రులు పలుకక మూగవోయెను. మేము బొటనవ్రేలిని మఱింత బిగించితిమి, అవి పలికెను. ఆనాడు దానిని విజయమనియే యెంచితిమి. నిజమేమనగా, వీణకువలెనే గిటారునకును మెట్లు కలవు. మెట్టునకు ఆనుకొని, శిరస్సు వైపున నొక్కినచో కొద్దిబలము చాలును. మెట్టునకు దూరముగా నొక్కినకొలదియు బలము హెచ్చుగా కావలయును, అప్పటికిని తంత్రి బుసకొట్టును. మేము చోటు తప్పితిమి. చోటును వెదకుటకు మాఱు బలమును పెంచితిమి.

మూడవయేట మణికట్టున నొప్పి పుట్టెను. అప్పుడు గాని మేమొక గురువునొద్దకు పోలేదు. ఆయన మా పాటను సగము విని చేయి పట్టి ఆపి, “ఈ పది పాటలను ఆఱు నెలలు ముట్టకుడు” అనిరి. పిదప వ్రేలిని తంత్రిపై ఊరక యుంచి, స్వరము పలుకనంత తేలికగా తాకుమనిరి. క్రమముగా బలము పెంచుచు, స్వరము పలికిన క్షణముననే నిలిచిపొమ్మనిరి. ఆ క్షణమునకు కావలసిన బలము మేమన్నాళ్లును వెచ్చించినదానిలో ఎంత స్వల్పమో చూచి మేము సిగ్గుపడితిమి. మఱియొకనాడు బొటనవ్రేలిని మెడనుండి పూర్తిగా తీసివేసి, చేతి బరువుతోనే తంత్రిని లాగి నొక్కుమనిరి. మొదట నసాధ్యమనిపించినది పదిదినములలో కుదిరెను.

ఇవన్నియు చెప్పుటకు సులభములే. కష్టమెచ్చటననగా, పది పాటలు వచ్చినవాడు మూడు స్వరములు రానివానివలె నలుగురియెదుట కూర్చుండవలసివచ్చుటలో. ఇంటికి వచ్చినవారు పాట యడుగుదురు. పాత చేతితో వాయించినచో వారు సంతసింతురు, మన నెలల పాటు వ్యర్థమగును. క్రొత్త చేతితో వాయించినచో, వీనికి విద్య యుడిగినదందురు. కొంతకాలము తనకంటె తాను హీనుడగుటకు ఒడబడనివాడు దేనిని మానగలడు?

మాకిచ్చట నొక ధర్మసందేహము కలిగెను. తెలియక చేసినదానికి దోషము లేదందురు. మంచిది. తెలిసిన మఱునాటినుండియు? మణికట్టు మడతపడిన ప్రతిసారియు అపరాధమేనా? చేయి మనస్సుకంటె ముందు పోవుచున్నది. మడతపడిన పిదప గదా మేమెఱుగుట! విలియం జేమ్సు 1890లో ప్రకటించిన మనశ్శాస్త్ర గ్రంథమున, క్రొత్త యభ్యాసము వేరూనువఱకు ఒక్క మినహాయింపునైనను రానీయరాదని బోధించెను. త్రాగుడు మానువానికి ఈ మాట తగియుండవచ్చును. గ్లాసును పట్టవలెనని ముందు తలంచియే పట్టును గనుక. వ్రేళ్ల విషయమున నిది నిలువదని మా యభిప్రాయము. పావ్లోవు తన కుక్కలయందు ఒక అభ్యస్తచర్యను అణచివేసినపిదప, కొంత విరామమైన తరువాత అది తనంతట మఱల తలయెత్తుటను గమనించెను. అణగినది చెరిగినది కాదన్నమాట. వారము విశ్రమించి వాద్యము ముట్టిననాడు మా బొటనవ్రేలును అట్లే తలయెత్తెను. ప్రతి తప్పునకును పశ్చాత్తాపపడుచు కూర్చుండినచో వాయించుటకు సమయమే మిగులదు. చేయగలిగినది వేగము తగ్గించుట, మనస్సు చేతిని అందుకొనునంతగా తగ్గించుట. మేము నిమిషమునకు 50 దెబ్బలు కొట్టు తాళయంత్రముతో, దెబ్బకొక స్వరముగా వాయించితిమి. అంతకంటె పుణ్యకార్యము మాకు తోచలేదు.

దోషమనగా శాస్త్రోక్తమైన భంగిమనుండి తొలగుట యని చదువరులు భావింపకుందురు గాక. జాంగో రైన్‌హార్టు 1928లో తన బండియిల్లు తగులబడినప్పుడు ఎడమచేతి ఉంగరపువ్రేలును, చిటికెనవ్రేలును చెడినవాడై, తక్కిన రెండు వ్రేళ్లతోనే ముఖ్యముగా స్వరమాలలు వాయించుట నేర్చి లోకప్రసిద్ధుడాయెను. ఫ్రాన్సిస్కో తారెగా 1909లో గతించినవాడు. ఆయన పేరుపొందిన పిదప, కడపటి సంవత్సరములలో గోళ్లను విడిచి వ్రేలికొనల కండతోనే మీటుటకు మాఱెను. ఆయన తరువాతివాడైన సెగోవియా గోళ్లతోనే వాయించెను. ఇద్దఱును తప్పినవారు కారు. నొప్పి పెట్టునదియు, ముందు మెట్టునకు పోనీయనిదియు మాత్రమే దోషమని మేము ఎంచుచున్నాము.

ఇంతవఱకు మా చేతి సంగతియే. ఒకనాటి సాయంకాలము మా తొమ్మిదేండ్ల యమ్మాయి గిటారును ఒడిలో పెట్టుకొని మా పాత పాటలలో నొకటి వాయించుచుండగా చూచితిమి. మణికట్టు లోనికి మడతపడియున్నది. బొటనవ్రేలు మెడపై బిగిసియున్నది. ఆ పిల్లకు మేమేనాడును నేర్పలేదు. మా విషయమున ఆ మడత ఒక కష్టమునకు ఉపాయము. ఆమెకు ఆ కష్టమే రాలేదు. నాన్న చేయి అట్లుండును గనుక తన చేయియు అట్లుండినది. మన యాచారములనేకము ఇట్లే పుట్టెనేమో. కాని ఆ మాటను ఈ వ్యాసమున సాగదీయము.

“అమ్మాయీ, చేయి అట్లు మడువరాదు” అంటిమి.

“మీరును మడుచుచునేయున్నారు గదా, నాన్నగారూ?” అనెను. ధిక్కారముతో కాదు, సందేహముతోనే.

మా దోషము తీరువఱకు ఆమెకు చెప్పకుండుటయా? ఆలోగా ఆమె చేయి ముదురును. తీరకయే చెప్పుటయా? అది కపటమువలె తోచెను. రెండుదినములు ఆలోచించి, మా చేయి చెడినదని, ఏల చెడినదో, ఎట్లు చెడినదో, నొప్పి యెచ్చట పుట్టునో ఆమెకు చూపి చెప్పితిమి. తండ్రి చేయి తప్పని పిల్లతో పలుకుట సులభము కాదు. మా తండ్రిగారు మాతో అట్టి మాట ఎన్నడును పలుకలేదు.

అప్పటినుండి తాళయంత్రము ముందు ఇద్దఱమును కూర్చుండుచున్నాము. ఆమె చేయి మూడు వారములలో చక్కబడెను. మాది పది నెలలైనను పూర్తిగా చక్కబడలేదు. మొన్న చుట్టములు వచ్చి పాట యడిగినప్పుడు మేము వాయించితిమి. రెండవ చరణమున మణికట్టు మడతపడెను. అమ్మాయి తలయెత్తి చూచి, ఏమియు ననక, తన మణికట్టును మెల్లగా నిటారుగా పెట్టి మాకు కనబడునట్లు మోకాలిపై నుంచెను.