కొప్పు పుల్ల - ఏడో శీలం



పోయిన పౌర్ణమికి కోదాడలో ధమ్మ చర్చ అయిపోయాక ఒక అక్క నా పక్కన కూర్చుని, కొప్పులోంచి చెక్క పుల్ల తీసి నా చేతిలో పెట్టింది. తనే చెక్కింది. "తమ్మీ, ఇయ్యాల అష్టశీలాలు తీసుకున్న. ఏడో దాంట్ల అలంకారం వద్దని ఉంది గదా. మరి నేను బతికేదే దీంతోని. పెట్టుకునుడు తప్పయితే చేసి అమ్ముడు గూడ తప్పేనా?" అని అడిగింది.

నేను ఆలోచించేలోపే పక్కనున్న పెద్దాయన "అది వడ్లోళ్ల పని, నీకెందుకమ్మా" అని నవ్విండు. నాకు ఆ నవ్వే గుచ్చుకుంది. పంచశీల పలికిన నోటితోనే ఇంకా పనులకు కులాలు అంటగడుతున్నాం. కులం పనిని పంచి ఊరుకోదు, పనివాళ్లనే మెట్లు మెట్లుగా విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చూపించారు. అది మన అలమారల్లో ఉంది, మన నవ్వుల్లోకి రాలేదు.

ఆ పుల్ల సంగతి కొంచెం చెప్పాలి. తలుపులు చేసే దుకాణంలో మిగిలిన టేకు ముక్కలు కొంటుంది. నార నిలువునా ఉండేటట్టు చూసి జానెడు ముక్క కోస్తుంది. నార అడ్డం పడితే కొప్పులో తిప్పగానే విరుగుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి ఇంత సన్నని పుల్లకు మరీ మెత్తన. తల దగ్గర చిటికెన వేలంత లావు, కొనకు సన్నం. కొన మాత్రం గుండ్రంగా ఉండాలి, లేకుంటే మాడుకు గుచ్చుకుంటుంది. తల మీద సన్న ఉలితో రావి ఆకు. అసలు ఓపిక ఆ తర్వాతే కావాలి: ఉప్పు కాగితం 80 నంబరు, 120, 220, ఆఖరుకు 400. మధ్యలో తడిగుడ్డతో తుడిస్తే అణిగిన పీచు లేస్తుంది, ఆరాక మళ్లీ రుద్దాలి. చివర అవిసె నూనె పల్చగా. (ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరేయాలి.)

సంయుత్త నికాయంలో బుద్ధుడు బాడిస పిడి పోలిక చెబుతారు. వడ్రంగి పట్టుకునే చోట పిడి అరుగుతుంది. ఈ రోజు ఎంత అరిగిందో అతనికి తెలియదు, అరిగిందని మాత్రం తెలుస్తుంది. మనసులోని మలినాలూ అట్లనే అరుగుతాయి. ఈ పోలిక ఆ అక్కకు నాకంటే బాగా అర్థమవుతుంది.

ఇక అలంకారం. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లతో, కులాన్ని పట్టించే చీరకట్టును, చేతుల నిండా వేసుకునే చవక నగలను వదిలేయమన్నారు. కొద్ది రోజులకే, 1928 జనవరిలో, ఇండోర్ ప్రాంతంలో సవర్ణులు బలాయీలకు పెట్టిన షరతులు పేపర్లో వచ్చాయి; వాళ్ల ఆడవాళ్లు బంగారం, వెండి పెట్టుకోవద్దన్నది అందులో ఒకటి. పైకి రెండూ నగలు వద్దనే మాటలే. ఒకటి మెడ ఎత్తడానికి, ఇంకొకటి మెడ వంచడానికి. మా నాయనమ్మ దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు కొప్పులో పూలు తీసి కొంగులో దాచుకునేదట. అది శీలం కాదు, భయం.

గృహస్థులకు రోజూ ఉండేవి అయిదు శీలాలే, వాటిలో అలంకారం ఊసు లేదు. ఎనిమిది మనంతట మనం ఒక రోజుకు తీసుకునేవి. అందుకే "ఇయ్యాల తీసి పెట్టు అక్కా, రేపు పెట్టుకో" అన్నాను. అమ్మకం సంగతికొస్తే, ఉపాసకులు చేయకూడదని బుద్ధుడు చెప్పిన వ్యాపారాలు అయిదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. పుల్ల ఆ లెక్కలో లేదు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. మిర్యాలగూడలో ఒక దుకాణదారు యాభై పుల్లలు అడిగిండట. టేకుకు ముదురు రంగు పూసి జిట్రేగి లెక్క ఇయ్యాలి, ధర రెట్టింపు. "జిట్రేగి అని చెప్పేది ఆయననే, నువ్వు రంగు పూసుడే గదా" అని ఇంట్లో అంటున్నరట. ఏడో శీలం అడిగిన మనిషి నలుగుతున్నది నాలుగో శీలం దగ్గర! నోటితో ఆడినా చేతితో పూసినా అబద్ధం అబద్ధమేనని నేను అన్నాను. అనడం నాకు తేలికే, నా ఇంటి అద్దె ఆ యాభై పుల్లల మీద లేదు.

ఆమె రంగు పూయలేదు. దుకాణదారు టేకు ధరకే ఇరవై తీసుకుని, ముప్పై వాపసు ఇచ్చిండు. సూర్యాపేటలో ఏప్రిల్ 14న మన పుస్తకాల బల్ల మీద సగం జాగా ఆమెకు ఇస్తున్నాం. "టేకు" అని చీటీ తనే రాసుకొస్తానంది.