పాత ఇంజను: మరమ్మతా? మార్పిడియా?

వర్తకుని ఇంట ప్రతి వస్తువునకు రెండు విలువలుండును. ఒకటి ఆవర్జాలో వ్రాసినది. రెండవది దానితో కలిసి బ్రతికినవారి మనస్సులో నిలిచినది. వస్తువు సరిగా పనిచేయునంతకాలము ఈ రెండింటికి తగవు రాదు. అది మొరాయించిన నాడే తగవు మొదలగును. బాగుచేయించి మరికొంతకాలము వాడుటయా, తీసివేసి క్రొత్తది తెచ్చుటయా? త్రాసు విషయమునను, కుట్టుమిషను విషయమునను ఈ ప్రశ్న వచ్చును. కాని నీటిమీద నడుచు పడవ ఇంజను విషయమున వచ్చినపుడు అది రూపాయల లెక్కతో తీరదు. ధర్మవిచారణ అవసరమగును.

గోదావరి తీరవాసులకు పడవల సంగతి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలు సాగునీటికే గాక సరకు రవాణాకును దారులైనవి. తెరచాప, గెడ, తాడు చేసిన పనిని కాలక్రమమున ఇంజను కూడ అందుకొన్నది. యానాము వద్ద గౌతమిని దాటుటకు 2002లో ఎదుర్లంక వారధి వచ్చువరకు రేవే దిక్కు. నేటికిని లంకగ్రామములకు, పాపికొండల విహారమునకు ఇంజను పడవలు నడుచుచునే ఉన్నవి.

అట్టి రేవున ఒక లాంచీ యజమాని ఉన్నాడనుకొందము. ఇంజను తండ్రి కొన్నది. పెద్ద చక్రముతో నిదానముగా తిరుగు పాతకాలపు డీజిలు ఇంజను. ఇప్పుడు ఉదయము పూట ఒక పట్టాన అందుకొనదు. పొగగొట్టమునుండి నీలిరంగు పొగ వచ్చుచున్నది. అనగా పిస్టను రింగులు, లైనరు అరిగి, కందెన నూనె లోపల కాలుచున్నదన్నమాట. సముద్రపు పోటుతో వచ్చు ఉప్పునీరు, ఇంజనును చల్లార్చు నీటిదారులను లోపలినుండి తినివేసినది. విడిభాగములు బజారున దొరకవు, లేతుమీద చేయించవలెను. ఒక వర్షకాలములో రెండుమార్లు నది మధ్యలో ఆగినది.

ఇంటి పెద్దలు బాగుచేయించుమందురు. వారి మాటలో బలమున్నది. పనికివచ్చు ఇనుమును పారవేయుట దుబారా. క్రొత్త ఇంజను ధరతో ఖర్చు తీరదు. క్రొత్తవి సాధారణముగా వేగముగా తిరుగునవి గనుక గేరు పెట్టె కావలెను, నీటిలోని పంకా మార్చవలెను, ఇంజను కూర్చుండు దిమ్మెను మరల కట్టవలెను, ఇరుసును వెండ్రుకవాసి తేడా లేకుండ సరిచేయవలెను. బరువు తగ్గినచో పడవ నీటిలో తేలు తీరే మారును. ఇవన్నియు చూడక కొన్నవాడు ఒక చిక్కు వదిలించుకొని నాలుగు చిక్కులు తెచ్చుకొనును.

లెక్కలు వ్రాయు కుమారుడు మార్చుమనును. అతని మాటలోను బలమున్నది. చిట్టాలో మరమ్మతు పద్దు ఒక్కటే కనుపించును. ఆగిపోయిన రోజుల కిరాయి కనుపించదు, అధికముగా కాలిన నూనె విడిగా కనుపించదు, “ఆ లాంచీ నమ్మకము లేదు” అని వేరొక రేవునకు పోయిన సరకు అసలే కనుపించదు. అయిదు వందల చొప్పున ఇరువదిమార్లు ఇచ్చినవాడు, ఒక్కమారు పదివేలు ఈయవలసినపుడు మాత్రము గుండె పట్టుకొనును. ఇది లెక్క తెలిసిన వర్తకులకును ఉన్న బలహీనతయే.

ఈ చిక్కు గోదావరికి మాత్రమే చెందినది కాదు. లోకమున రెండు ఓడల చరిత్ర ఇందుకు ఎదురెదురు సాక్ష్యము చెప్పును. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో జర్మనులు నడిపిన ఓడ ఒకటి. మొదటి ప్రపంచయుద్ధములో అది శత్రువుల చేత చిక్కకుండ 1916లో జర్మనులే దానిని ముంచిరి. ముంచుటకు ముందు అందలి ఇంజనీర్లు యంత్రములకు దట్టముగా గ్రీజు పూసిరి. 1924లో బ్రిటిషువారు పైకి తీసి చూడగా యంత్రములు పనికివచ్చు స్థితిలోనే ఉన్నవి. 1927లో ‘లియెంబా’ అను పేరుతో ఆ ఓడ మరల తిరుగసాగెను. అయినను అంతటి చరిత్రగల ఆవిరి యంత్రములను 1970 దశకములో తీసి డీజిలు ఇంజనులు పెట్టిరి. ఓడ పని ప్రజలను చేరవేయుట గాని, యంత్రమును పూజించుట కాదు గదా!

రెండవది న్యూజిలాండులోని వాకటిపు సరస్సుమీది ‘ఎర్న్‌స్లా’. 1912లో నీటికి దిగినది. నూరేండ్లు దాటినను తొలినాటి ఆవిరి యంత్రములతోనే యాత్రికులను త్రిప్పినది. దాని వెనుక ఉన్నది ఉత్త అభిమానము కాదు. ఏటేటా ఓడను ఆపి తనిఖీ చేయు క్రమము, దానికి తగిన పనివారు, అందుకు వెచ్చించు సొమ్ము. ఒకచోట మార్చుట మంచిదైనది, ఒకచోట ఉంచుట మంచిదైనది. కనుక వయస్సు ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

మరి ఏది చెప్పును? లోపమునకు కారణము తెలిసినదా, తెలియనిదా అని మొదట చూడవలెను. రింగులు అరిగినవి, మార్చినారు, పొగ తగ్గినది, అది మరమ్మతు. ఎందుకు ఆగినదో తెలియలేదు, ఏదో బిగించినారు, మరల అందుకొన్నది. అది మరమ్మతు కాదు, అతుకు మాత్రమే. అతుకుతో రేవు చేరవచ్చును గాని అతుకును నమ్మి మరునాడు జనమును ఎక్కించరాదు.

రెండవది ఇంతకంటె ముఖ్యము. ఇంజను ఆగినచో నష్టము ఎవరిది? పొలము గట్టున నీరు తోడు ఇంజను ఆగినచో యజమాని పైరు ఎండును. పాతదానితో ఎన్నాళ్ళు కష్టపడినను అది అతని ఇష్టము, అతని ఓర్పు. నది మధ్య లాంచీ ఆగినచో వరదపోటున కొట్టుకొనిపోవునది యజమాని కాడు. అతడు గట్టున గద్దెమీద ఉండును. పడవలో ఉన్నది సరంగు, కళాసీలు, సంతకు పోవు ఆడువారు, బడిపిల్లలు. తన సొమ్ము పొదుపుచేయుట పొదుపే. పరుల ప్రాణము పందెము పెట్టి చేయు పొదుపు వేరొకరి పెట్టెలోని సొమ్ము తీయుటకు తీసిపోదు.

తెలుగులో ప్రమాదమనగా అపాయమని వాడుక. సంస్కృతమున ఆ మాటకు మొదటి అర్థము ఏమరుపాటు. జైనధర్మము హింసను విచారించునపుడు ఈ ఏమరుపాటునే ముందుగా పట్టుకొనును. చంపవలెనను తలంపు లేకపోయినను, జాగ్రత్త లేనిచోట దోషము అంటును. మొన్న ఆగిన ఇంజనును నేడు కారణము తెలిసికొనకయే నడిపించువానికి కీడు తలపెట్టు బుద్ధి ఉండదు. అయినను నదిలో జరుగు ప్రమాదము, గట్టుమీది ప్రమాదమునుండియే పుట్టినది. లాంచీలకు తనిఖీ, ధృవపత్రము కావలెనని 1917 నాటి చట్టము చెప్పినది, దాని స్థానమున వచ్చిన 2021 చట్టమును చెప్పినది. కాని తనిఖీదారు వచ్చునది ఒకనాడు. మిగిలిన దినములకు తనిఖీదారు యజమాని మనస్సే.

ఇచ్చట సరంగు మాట వినవలెను. ఇంజను చప్పుడులోని తేడా మొదట తెలియునది అతనికే. అయితే అతనికిని ఒక భయముండును. క్రొత్త ఇంజను వచ్చినచో తన విద్య చెల్లదేమో, క్రొత్త కుఱ్ఱవానిని పెట్టుదురేమో అని లోపమును దాచవచ్చును. కనుక తెలివిగల యజమాని ముందుగా “ఇంజను మారినను నీ కొలువు మారదు” అని మాట ఇచ్చి, ఆ పిమ్మట ఇంజను సంగతి అడుగును. అట్లు అడిగినపుడు వచ్చు జవాబు మెకానిక్కు అంచనా కాగితముకంటె విలువైనది.

ఇక తండ్రి కొన్న వస్తువను అభిమానము. అది తప్పు కాదు. ఆ ఇంజను మీదనే ఇల్లు గడచినది, పిల్లలు చదివినారు. కాని వస్తువు చేతనుండుటకంటె దానిపై మమకారము చేత పట్టుబడుటయే పరిగ్రహమని పెద్దలు చెప్పుదురు. క్రొత్తదానిపై మోజును అట్టిదే. పొరుగువాడు కొన్నాడని, రంగు మెరయుచున్నదని మంచి ఇంజనును తీసివేయుటయు మమకారమే. తండ్రి నిజముగా విడిచిపోయినది ఇనుము కాదు, “వారి పడవ ఎక్కిన భయము లేదు” అను పేరు. ఏది చేసినచో ఆ పేరు నిలుచునో అది చేయుటే పితృభక్తి.

మార్చుటతో ధర్మము ముగియదు. తీసిన ఇంజను ఏమగును? రంగువేసి, చిక్కటి నూనె పోసి నీలిపొగ కొంతసేపు కనబడకుండ చేసి, వేరొక రేవున బీద పడవవానికి అమ్మువారున్నారు. అట్టి అమ్మకములో అపాయము పోలేదు, చేయి మారినది. అడుగు ధర తగ్గినను లోపమును విప్పి చెప్పి అమ్మవలెను. నీటిమీదికి పనికిరానిదైనచో పాత ఇనుముగానే తూచి ఇచ్చుట మేలు. అందలి నూనెను ఏటిలో పోయక డబ్బాలకెత్తించుట కూడ యజమాని పనియే. ఆ నీటిలో చేపలున్నవి, చూపునకందని జీవులున్నవి.

ఇన్ని మాటలకు ఒక్క పరీక్ష చాలును. ఈ ఇంజనుకు ఏ లోపమున్నదో, దానికి ఏమి చేయించినదో రేవున నిలిచిన ప్రయాణికునికి దాచక చెప్పి, పిమ్మట టిక్కెట్టు ఈయగలడా? చెప్పగలిగినచో బాగుచేయించి నిశ్చింతగా నడుపవచ్చును, అది ఎంత పాతదైనను సరే. చెప్పుటకు నోరు రానిచో మార్చవలసిన వేళ వచ్చినది, ఆవర్జా ఏమి చెప్పినను సరే. కొనువాని యెదుట చెప్పలేని సంగతి సరకులో ఉండరాదను వర్తకుల పాత నియమమే ఇది. అంగడిలో ఆ నియమము పరపతిని కాపాడును. ఏటిలో ప్రాణమును కాపాడును.